అడవి పక్కనే ఇల్లు... లోపలికి వెళ్లి ఎన్నాళ్లైంది?

ఎల్బీనగర్‌ నుంచి విజయవాడ హైవే మీద వెళ్తుంటే, వనస్థలిపురం దాటాక ఆటోనగర్‌ దగ్గర ట్రాఫిక్‌ ఆగుతుంది. అప్పుడు మీరేం చేస్తారు? ఫోను చూస్తారు. ముందున్న లారీ వెనక రాసింది చదువుతారు. రోడ్డు పక్కన ఉన్న పొదల్ని, చెట్లని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అవి ఖాళీ స్థలంలో పెరిగిన పిచ్చిమొక్కలు కావు. దాదాపు 3,600 ఎకరాల చిట్టడవి. పేరు మహావీర్‌ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం నవాబుల వేటమైదానం. కృష్ణజింకల్ని కాపాడటానికి 1975లో రక్షణలోకి తీసుకున్నారు. తర్వాత జాతీయ పార్కు చేశారు.

దానికి కూతవేటు దూరంలో పదకొండేళ్లుగా ఉంటున్నాం. ఈ పదకొండేళ్లలో ఊటీ వెళ్లాం, అరకు వెళ్లాం. మా అబ్బాయికి జింకని చూపించడానికి ఒకసారి మైసూరు జూకి కూడా వెళ్లాం. ఇంటి పక్కనున్న ఈ అడవిలోకి మాత్రం పోయిన ఏడాది దాకా అడుగు పెట్టలేదు. సిగ్గుపడాల్సిన విషయమే. కానీ మీలో చాలామంది నాలాంటివాళ్లే అయి ఉంటారని నా అనుమానం. జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు చుట్టూ రోజూ కారులో తిరిగేవాళ్లు ఎంతమంది లేరు! చిలుకూరు బాలాజీ గుడిలో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి, దగ్గర్లోనే ఉన్న మృగవని వైపు చూడకుండా తిరిగొచ్చేవాళ్లు ఎందరో. విశాఖలో జూ చూసొచ్చి, పక్కనున్న కంబాలకొండ అడవి పేరే విననివాళ్లూ ఉన్నారు.

మేం ఎలా వెళ్లామో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్న కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నల్గొండ జిల్లా పల్లెల్లో స్తంభాల వెంట, గట్లమీదా గుట్టలమీదా కంపల్లోంచీ ముప్ఫై ఏళ్లు నడిచిన మనిషి. అమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేశారు. షుగర్‌ ఉంది. రోజూ నలభై నిమిషాలు నడవాలన్నారు డాక్టరు. బయట రోడ్డు మీద నడుద్దామంటే బైకులు, కుక్కలు. ఫుట్‌పాత్‌ మీద బజ్జీల బండి. అందుకని మా అపార్ట్‌మెంట్‌ సెల్లార్‌లో, కార్ల మధ్య సందుల్లో తిరిగేవారు. నలభై రౌండ్లు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ. రెండు నెలలు తిరిగి మానేశారు. ఎందుకని అడిగితే, ‘‘గానుగెద్దు లెక్క ఎంతసేపు తిరుగుత బిడ్డా’’ అన్నారు.

తర్వాత ఇక టీవీనే. పొద్దున పెట్టిన వార్తల చానెల్‌ రాత్రి పడుకునేదాకా ఆగేది కాదు. షుగర్‌ పెరిగింది. మాట తగ్గింది. షుగర్‌ పెరిగిందని మేం రోజూ గొడవపడేవాళ్లం. మాట తగ్గిందని ఎవరం పట్టించుకోలేదు. రిపోర్టులో కనపడే నంబరు కాదు కదా అది.

పోయిన శ్రావణంలో ఓ శనివారం రాత్రి, స్కూలు ప్రాజెక్టుకి ‘మన రాష్ట్ర చిహ్నాలు’ బొమ్మలు కావాలన్నాడు మా అబ్బాయి. పాలపిట్ట, జింక, జమ్మిచెట్టు, తంగేడు పువ్వు. నెట్‌లోంచి ప్రింట్‌ తీసి అంటించేద్దాం అన్నాను. టీవీ ముందు నుంచి నాన్న గొంతు వినిపించింది. ‘‘తంగేడు కూడా కాయితం మీదనే సూపిస్తరా?’’

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం.

లోపలికి వెళ్లాక మొదట నిరాశపడింది మా అబ్బాయి. ‘‘ఇదేం అడవి?’’ అన్నాడు. వాడి తప్పు లేదు. సినిమాల్లో అడవంటే ఆకాశాన్ని కప్పేసే చెట్లు, జలపాతాలు. దక్కన్‌ అడవి అలా ఉండదు. గడ్డి, ముళ్లపొదలు, తుమ్మ, వేప, సీతాఫలం, మధ్యలో రాళ్లు. నిజానికి ఈ నేల సొంత అడవి ఇదే. మన కాలనీల్లో కొట్టేసి చదును చేసింది ఇలాంటి అడవినే. ఇక్కడి రాళ్ల వయసు 250 కోట్ల ఏళ్లు అని చెబితే వాడు కాస్త ఆగి ఒక బండని చేత్తో తట్టి చూశాడు. అంతకుమించి ఆసక్తి చూపించలేదు.

నాన్న మాత్రం పది నిమిషాలు గడవకముందే మాట్లాడటం మొదలుపెట్టారు. ‘‘ఇది ఉత్తరేణి. దీని పుల్లతో పండ్లు తోముకునేటోళ్లం.’’ ‘‘ఇది పరికి కంప. పండ్లు కోసుకోబోతే అంగీ చింపుతది.’’ తీతువు అరిస్తే మనవడిని ఆపి వినిపించారు. అది అరిస్తే కీడంటారు కదా అని నేనంటే, ‘‘గుడ్లు పెట్టిన తావుకు మనిషి వస్తే అరవదా మరి? నువ్వైతే అరవవా?’’ అన్నారు. ఒక పొద దగ్గర ఆగి, ఆకు తుంపకుండా వేలితో ముట్టుకుని, ‘‘ఇది బలుసు’’ అన్నారు.

బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు అని మనం ఎన్నిసార్లు అనుకోం? నేను ఆఫీసులో చిరాకొచ్చినప్పుడల్లా అనే మాట. ఆ బలుసాకు ఎలా ఉంటుందో నా జీవితంలో మొదటిసారి చూశాను. నాన్న చిన్నప్పుడు కరువు రోజుల్లో వండుకుని తిన్నారట. ‘‘టేస్ట్‌ ఎట్లుంటది తాతా?’’ అని అడిగాడు మావాడు. ‘‘ఆకలైనప్పుడు రుచి ఎవడు సూస్తడు?’’ అన్నారు. అక్కణ్నుంచి ఇద్దరూ ముందు, నేను వెనక. రెండు గంటలున్నాం. నడిచింది రెండు కిలోమీటర్లు కూడా ఉండదేమో.

ఆ రెండు గంటల్లో ఆయన మాట్లాడినన్ని మాటలు అంతకుముందు రెండు నెలల్లో మాట్లాడి ఉండరు.

ఇది చదివి మీరు వెంటనే అడవికి వెళ్తే షుగర్‌ తగ్గుతుందనుకోవద్దు. నాన్న మందులు మానలేదు. డోసు కూడా తగ్గలేదు. అడవిగాలి పీలిస్తే రోగాలన్నీ పోతాయని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి. నేను చెప్పేది వేరే. నగరంలో మిగిలిన అడవిని మనం వాకింగ్‌ ట్రాక్‌లా మాత్రమే చూస్తున్నాం, అందువల్ల అది ఇవ్వగలిగినదాంట్లో ఎక్కువ భాగం వదిలేసుకుంటున్నాం అంటున్నాను.

కేబీఆర్‌ పార్కుకి ఏ పొద్దునైనా వెళ్లి చూడండి. నాలుగు వందల ఎకరాల లోపే ఉంటుంది కానీ, కోట్ల రూపాయల స్థలాల నడుమ మిగిలిన నిజమైన చిట్టడవి అది. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. అక్కడ నడిచేవాళ్లలో చెవిలో ఇయర్‌ఫోన్‌ లేనివాళ్లు తక్కువ. చేతి వాచీ అడుగులు లెక్కపెడుతుంటుంది. నెమలి దారికి అడ్డంగా నడిచి వెళ్తున్నా ఆగరు. ఆగితే హార్ట్‌రేట్‌ పడిపోతుందట! ఒకాయన నెమలిని తప్పించుకుని పక్కనుంచి వెళ్లడం నేను కళ్లారా చూశాను. ముందు ఆటో ఆగితే కట్‌ కొట్టినట్టు.

వేగంగా నడవడం తప్పని నేననను. షుగర్, బీపీ ఉన్నవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా నడక కావాల్సిందే. ఆ నడక కాలనీలో నడవండి, స్టేడియంలో నడవండి, ట్రెడ్‌మిల్‌ మీద నడవండి. కాళ్లకీ గుండెకీ తేడా తెలియదు. తేడా తెలిసేది కళ్లకి, చెవులకి, బుర్రకి. అడవికి వెళ్లినప్పుడు వాటికీ కాస్త పని పెట్టండి, లేదా కాస్త సెలవివ్వండి. రెండూ ఒకటే ఇక్కడ.

మన బుర్ర రోజంతా చేసే పని ఒకటుంది. అక్కర్లేనివాటిని పక్కకి నెట్టడం. హారన్లు, నోటిఫికేషన్లు, పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగ్‌. వీటిని నెట్టేసి ఎదురుగా ఉన్న ఫైలు మీదో స్టవ్‌ మీదో మనసు పెట్టాలి. సాయంత్రానికి వచ్చే అలసటలో సగం అదే. చెట్ల మధ్య ఆ నెట్టే పని ఉండదు. ఆకు కదిలితే చూస్తాం, పిట్ట కూస్తే వింటాం. బలవంతం లేదు. స్టీఫెన్‌ కాప్లాన్, రేచెల్‌ కాప్లాన్‌ అనే అమెరికన్‌ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనిమీద చాలా ఏళ్లు పనిచేశారు. అలసిపోయిన ఏకాగ్రత ఇలాంటి చోట తిరిగి కూడుకుంటుందని వాళ్ల వాదన.

వాళ్లకంటే ఆసక్తికరమైన పరిశీలన ఇంకోటుంది. 1984లో రోజర్‌ ఉల్రిచ్‌ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. పిత్తాశయం ఆపరేషన్‌ అయినవాళ్లలో కొందరి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, కొందరికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందే డిశ్చార్జి అయ్యారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. చిన్న అధ్యయనమే, మొత్తం 46 మంది. కానీ ఆ తర్వాత ఆసుపత్రులు కట్టేవాళ్లు కిటికీ గురించి ఆలోచించడానికి అదే కారణమైంది. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది మీద జరిపిన సర్వేలో, వారానికి మొత్తం రెండు గంటలైనా పచ్చని చోట గడిపేవాళ్లు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలు ఒకేరోజైనా ఫర్వాలేదు, విడివిడిగానైనా ఫర్వాలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తారేమో అనే సందేహం ఇలాంటి సర్వేల్లో ఎప్పుడూ ఉంటుంది. అది వాళ్లూ ఒప్పుకున్నారు. అయినా వారానికి రెండు గంటలంటే ఒక సినిమా కంటే తక్కువ. పోయేదేముంది?

పిల్లల విషయంలో మాత్రం సందేహం తక్కువ. మీ అబ్బాయి క్లాసులో ఎంతమందికి కళ్లద్దాలున్నాయో అడిగి చూడండి. మా వాడి క్లాసులో సగానికి సగం. ఇంట్లో మనకి బాగా వెలుతురున్నట్టు అనిపించే గదిలో ఉండేది కొన్ని వందల లక్స్‌ వెలుతురు. బయట పగటిపూట పదివేల లక్స్‌ దాటుతుంది. చెట్టు నీడలో కూడా గదిలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువే. ఎదిగే వయసులో ఆ వెలుతురు కంటికి పడితే దూరపు చూపు మందగించే హ్రస్వదృష్టి రావడం తగ్గుతుంది, లేదా ఆలస్యమవుతుంది. తైవాన్‌లో 2010 నుంచి స్కూలు పిల్లల్ని రోజుకి రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం పెట్టారు. ఏటా పెరుగుతూ వచ్చిన హ్రస్వదృష్టి ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. ఇప్పటికే వచ్చిన పవర్‌ దీంతో పోదు. అద్దాలు పెట్టుకోవాల్సిందే. ఆదివారం ఒక్కరోజు అడవికి తీసుకెళ్తే కళ్లు బాగవుతాయని కూడా కాదు. కానీ ఆదివారం కూడా ఏసీ మాల్‌లో గడిపే పిల్లాడికి వెలుతురు ఏ రోజు దొరుకుతుంది?

మనకిది కొత్తగా ఎవరో నేర్పాల్సిన అలవాటు కాదు. జపాన్‌వాళ్లు 1982లో ‘షిన్రిన్‌ యోకు’ అని పేరు పెట్టారు. అడవిలో స్నానం అని అర్థం. ఇప్పుడు దాన్ని మన రిసార్టుల్లో ప్యాకేజీలుగా అమ్ముతున్నారు. మనకి కార్తీకమాసంలో ఊరంతా కలిసి తోటకో అడవికో వెళ్లి ఉసిరిచెట్టు కింద కూర్చుని తిని రావడం ఎన్ని తరాల నుంచి ఉంది! ఇప్పుడు కార్తీక వనభోజనాలంటే ఏమిటి? ఫంక్షన్‌హాల్‌ లాన్, డీజే, తంబోలా, కుండీలో పెట్టిన ఉసిరి కొమ్మ. వనం పోయింది, భోజనం మిగిలింది. దసరా నాడు పాలపిట్టని చూడాలని ఊరి బయటికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు పంజరంలో పెట్టి పిట్టని మన దగ్గరికే తెస్తున్నారు, డబ్బులిచ్చి చూస్తున్నాం. అది నేరం కూడా. ఎవరైనా పట్టి తెస్తే చూడకండి, డబ్బులివ్వకండి. ఈ చిట్టడవుల అంచున తీగ మీద కూర్చున్న పాలపిట్ట ఎగిరినప్పుడు రెక్కల్లో కనపడే నీలం చూస్తే, పంజరంలో పిట్టని మళ్లీ చూడాలనిపించదు.

ఇక వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు.

పులిని చూద్దామని వెళ్లకండి. ఏదో ఒకటి ‘చూపించాలి’ అన్న ఆదుర్దా పెట్టుకుంటే అది కూడా మరో ట్యూషన్‌ అవుతుంది. వనస్థలిలో వాహనంలో తిప్పి కృష్ణజింకల్ని చూపిస్తారు. మెలితిరిగిన కొమ్ములతో, పైన నలుపు, కింద తెలుపుతో ఉండే మగజింక నిజంగా చూడాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌ రాష్ట్ర జంతువు కూడా అదే. కానీ మా ఇంట్లో అందరికీ గుర్తున్నది జింక కాదు, చీమల పుట్ట పక్కన కూర్చుని గడిపిన అరగంట. పిల్లలకి విసుగొస్తే రానివ్వండి. ఫోను ఇవ్వకుండా పావుగంట ఆగితే వాళ్లే ఏదో ఒకటి వెతుక్కుంటారు. ఆ పావుగంటే కష్టం. పిల్లలకి కాదు, మనకి.

ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లండి. నా అభిప్రాయంలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. మన ఇళ్లలో ఉన్న అరవై, డెబ్బై ఏళ్ల వాళ్లలో చాలామంది పల్లెల్లో పెరిగినవాళ్లు. ఫోన్‌లో పాస్‌వర్డ్‌ మార్చడం దగ్గర్నుంచి లిఫ్ట్‌ బటన్‌ దాకా నగరంలో ప్రతిదీ మనం వాళ్లకి నేర్పుతుంటాం. ఇక్కడ వాళ్లు మనకి చెబుతారు. అందరిలో నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే అందరి వేగం కావాలి. ఆ నియమం ఒక్కటి పెట్టుకుంటే చాలు, తిరిగినంతసేపు ఎవరూ ఎవరినీ తొందరపెట్టరు.

ఆరోగ్యం విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. మొదటిసారి వెళ్లిన రోజు పొద్దున హడావుడిలో నాన్న షుగర్‌ మాత్ర వేసుకున్నారు, టిఫిన్‌ తినలేదు. వచ్చాక తిందాంలే అన్నాను నేనే. మాటల్లో పడి తెలియలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆయనకి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, ‘‘కండ్లు తిరుగుతున్నయి’’ అని బండ మీద కూర్చుండిపోయారు. నా బ్యాగులో నీళ్లు తప్ప ఏమీ లేవు. వెనక వస్తున్న ఒక కుటుంబం వాళ్లు పిల్లల కోసం తెచ్చుకున్న పళ్లరసం ఇచ్చారు. పది, పదిహేను నిమిషాల్లో తేరుకున్నారు. ఆ పదిహేను నిమిషాలు నాకెలా గడిచాయో చెప్పలేను. ఇన్సులిన్‌ గానీ, షుగర్‌ని బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు తినకుండా బయల్దేరకూడదు. జేబులో గ్లూకోజ్‌ పొడో, చక్కెర పొట్లమో ఉండాలి. చెమట, వణుకు, తికమక కనిపిస్తే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నడుస్తుంటే ఛాతీలో బరువు, నొప్పి, ఎప్పుడూ లేనంత ఆయాసం వస్తే అక్కడితో ఆగిపోవాలి. గ్యాస్‌ అని సర్దిచెప్పుకోకండి.

చెప్పులు వద్దు, బూట్లు. ఫుల్‌ ప్యాంటు. షుగర్‌ ఉన్నవాళ్లు ఇంటికొచ్చాక పాదాలు చూసుకోవాలి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు కొందరికి. పాముల భయం అందరికీ ఉంటుంది. దారి వదిలి పొదల్లోకి, రాళ్ల సందుల్లోకి వెళ్లకపోతే ఆ భయం చాలావరకు అక్కర్లేదు. దానికంటే మనం తలచుకోని ప్రమాదం ఒకటుంది. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న నల్లి లాంటి పురుగు కుడితే స్క్రబ్‌ టైఫస్‌ అనే జ్వరం వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. గడ్డిలో పడుకోవద్దు. ఇంటికొచ్చాక స్నానం చేసి బట్టలు ఉతుక్కోండి. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే, ఒంటి మీద ఎక్కడైనా కాలినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే, అడవికి వెళ్లామన్న మాట డాక్టరుకి చెప్పండి. ముందే పట్టుకుంటే మామూలు మందులతో తగ్గే జబ్బు అది. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్‌ మర్చిపోవద్దు. వయ్యారిభామ మొక్క ఒంటికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి.

కోతులకి అరటిపండ్లు పెట్టడం పుణ్యం అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. నిజంగానే పేచీ పెట్టుకున్నాను ఒకసారి. మీరు ఈరోజు పండు పెట్టి వెళ్లిపోతారు, రేపు అది ఇంకో పిల్లాడి చేతిలో సంచి లాక్కుంటుంది. కరిచినా గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్‌ టీకాకి వెళ్లాలి. పసుపు, కారం పెట్టి ఊరుకోకూడదు. ఇక స్పీకర్‌లో పాటలు పెట్టుకుని నడిచేవాళ్లు, చిప్స్‌ కవర్లు పొదల్లో దోపేవాళ్లు... వాళ్ల గురించి రాస్తే ఈ పేజీ చాలదు.

పార్కులు నడిపేవాళ్లనీ అడగాల్సినవి ఉన్నాయి. నడవలేని పెద్దవాళ్లకి ప్రతి రెండు మూడు వందల మీటర్లకి ఒక బెంచీ కావాలి. శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. అది లేకనే ఆడవాళ్లు, షుగర్‌ ఉన్న పెద్దవాళ్లు రెండు గంటలు బయట ఉండటానికి జంకుతారు. చక్రాల కుర్చీ వెళ్లే దారి కాస్తయినా ఉండాలి. గేటు ముందు బస్‌స్టాప్‌ ఉంటే కారు లేనివాళ్లూ వస్తారు. ఇవేవీ అడవిని పాడుచేసేవి కావు. ఫుడ్‌కోర్టులు, జిప్‌లైన్లు, రంగురంగుల లైట్లు మాత్రం వద్దని అడగాలి.

అడగాలంటే ముందు మనం వెళ్లాలి. 2025లో కంచ గచ్చిబౌలి చెట్ల గురించి సుప్రీంకోర్టు దాకా వెళ్లిందంటే, అక్కడ తిరిగి, అక్కడి నెమళ్లనీ జింకల్నీ చూసిన విద్యార్థులు ఉన్నారు కాబట్టి. ముంబయి బోరివలీలో వంద చదరపు కిలోమీటర్లు దాటిన సంజయ్‌ గాంధీ జాతీయ పార్కు ఉంది. చిరుతలు తిరిగే అడవి, లోపల కన్హేరి బౌద్ధ గుహలు. ముంబయిలో స్థిరపడిన మనవాళ్లని అడిగి చూడండి, చిన్నప్పుడు స్కూలు పిక్నిక్‌కి అక్కడికి వెళ్లామని చెబుతారు. అందుకే ఆ అడవి అంచుని ఎవరు ముట్టుకున్నా ఊళ్లో గోల మొదలవుతుంది. మా కాలనీలో నేను అడిగిన పదిమందిలో వనస్థలి లోపలికి వెళ్లినవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడో పెళ్లికి ముందు వెళ్లారట. రేపు ఆ గోడ పది అడుగులు లోపలికి జరిగితే మాలో ఎవరికి తెలుస్తుంది?

శ్రావణం తర్వాత ఇప్పటికి ఐదుసార్లు వెళ్లాం. ఇప్పుడు టిఫిన్‌ తినకుండా ఎవరం బయల్దేరం. నాన్న టీవీ మానలేదు కానీ, సాయంత్రం కాలనీలో ఓ అరగంట నడుస్తున్నారు. సెల్లార్‌లో కాదు, రోడ్డు మీదే, బైకుల్ని తిట్టుకుంటూ. మా అబ్బాయి ప్రాజెక్టులో జమ్మిచెట్టు బొమ్మ పక్కన తాత చెప్పినవి కూడా రాసుకున్నాడు. టీచరు సిలబస్‌లో లేనివి ఎందుకని రెండు మార్కులు తగ్గించారు. దాని మీద నాన్న ఇంకా కోపంగానే ఉన్నారు.

వెళ్లే ముందు పార్కుకి సెలవు ఏ వారమో, ఎన్ని గంటలకి తెరుస్తారో, లోపల ఎంతదూరం నడవనిస్తారో కనుక్కోండి. ఎండాకాలమైతే తొమ్మిదిలోపు బయటికొచ్చేయాలి. మోదుగ ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూస్తుంది. ఆకులన్నీ రాలిపోయి చెట్టంతా పూలే ఉంటాయట. ఈసారి అది చూడాలని మా ఇంట్లో ఇప్పటికే క్యాలెండర్‌ మీద ఒక ఆదివారానికి సున్నా చుట్టి పెట్టారు.